కలగలుపు నగరం హైదరాబాదు

తార్నాక చౌరస్తాలో ఒక పది నిమిషాలు నిలబడి చెవులు రిక్కించి వినండి. తెలుగు వినిపిస్తుంది. పక్కనే దక్కనీ ఉర్దూ వినిపిస్తుంది. సికింద్రాబాదు వైపు నుంచి వచ్చే బస్సు దిగినవారి నోట తమిళమో, మలయాళమో దొర్లుతుంది. హిందీ, మరాఠీ, కన్నడం, బెంగాలీ సరేసరి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా, అరబ్బు దేశాల విద్యార్థులు తమ భాషల్లో మాట్లాడుకుంటూ వెళ్తారు.

ఇంతమంది ఇన్ని చోట్ల నుంచి ఈ ఒక్క నగరానికే ఎందుకు వచ్చారు? వచ్చినవారు ఎలా కలిసిపోయారు? హైదరాబాదు చూడాలంటే అందరూ చార్మినారుతో మొదలుపెడతారు. మనం మాత్రం తార్నాక పరిసరాల నుంచి బయలుదేరుదాం. ఎందుకంటే నగరం నిలిచిన రాయి గురించి, అందులో నివసించే మనిషి గురించి పరిశోధించే ప్రయోగశాలలు ఇక్కడే ఉన్నాయి.

ముందు ఒక గుట్ట ఎక్కుదాం

మల్కాజ్‌గిరి పక్కనే మౌలాలి గుట్ట ఉంది. బోర్లించిన పెద్ద గిన్నెలాంటి నున్నటి బండ. దాని మీద దర్గా. మెట్లెక్కి పైకి వెళ్ళి నాలుగు దిక్కులా చూడండి. ఇళ్ళ నడుమ అక్కడక్కడ ఇలాంటి గుట్టలే కనిపిస్తాయి. కొన్నిచోట్ల పెద్ద పెద్ద గుండ్లు ఒకదానిపై ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడి ఉంటాయి. వాటిని ఎవరు పేర్చారు?

ఎవరూ పేర్చలేదు! ఇది సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందటి సంగతి. అప్పటికి భూమి మీద చెట్లు లేవు, జంతువులు లేవు. ఉన్నవల్లా కంటికి కనిపించని సూక్ష్మజీవులే. ఆ కాలంలో భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున కరిగిన శిలాద్రవం మెల్లమెల్లగా చల్లారి గట్టిపడింది. అదే గ్రానైటు. మెల్లగా చల్లారడం వల్ల అందులోని ఖనిజాలకు పలుకులుగా పెరిగే వ్యవధి దొరికింది. తర్వాత కోట్ల ఏళ్ళలో పైనున్న పొరలు అరిగిపోయి గ్రానైటు బయటపడింది. మీదున్న బరువు తొలగిపోవడంతో బండ కొద్దికొద్దిగా ఉబ్బి, ఉల్లిపొరల్లాగా పొరలు పొరలుగా విడిపోవడం మొదలుపెట్టింది. గుట్టలు గుండ్రంగా ఉండడానికి ఇదే కారణం.

మరి గుండ్ల సంగతి? గ్రానైటులో నిలువుగా, అడ్డంగా చీలికలు ఏర్పడతాయి. వాటిలోకి వాననీరు దిగుతుంది. గ్రానైటులోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం ఆ నీటి ప్రభావం వల్ల క్రమంగా మెత్తటి బంకమన్నుగా మారుతుంది. చీలికల మధ్యనున్న రాతి దిమ్మకు మూలల దగ్గర మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది. అందుచేత మూలలే ముందుగా అరుగుతాయి. కొత్త సబ్బుబిళ్ళ వాడుతూ ఉంటే ముందు దాని మూలలే అరుగుతాయి కదా! అలాగే ఇదీను. చివరకు చుట్టూ ఉన్న మన్నును వానలు కడిగేస్తాయి. గుండ్లు మాత్రం ఒకదానిపై ఒకటి మిగిలిపోతాయి.

ఈ గుట్టల మధ్య మనిషి కూడా ఎప్పటినుంచో ఉన్నాడు. మౌలాలి దగ్గర జరిపిన త్రవ్వకాల్లో ఇనుప యుగం నాటి సమాధులు బయటపడ్డాయి. పెద్ద పెద్ద రాళ్ళతో కట్టిన సమాధులవి. అంటే నగరం పుట్టడానికి వెయ్యేళ్ళకు పైగా ముందే ఇక్కడ ఊళ్ళు ఉండేవన్నమాట. గుట్ట కింద 1824లో మరణించిన ఉర్దూ కవయిత్రి మహ్ లకా బాయి చందా సమాధి ఉంది.

పేర్లు చెప్పే కథలు

గుట్ట దిగి మళ్ళీ తార్నాక వైపు వస్తూ, దారిలో కనిపించే ఊరి పేర్లు చదువుదాం. మల్లికార్జునగిరి అనే పేరే జనం నోట నలిగి మల్కాజ్‌గిరి అయిందంటారు. ‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే కాపలా చౌకీ. ఒకప్పుడు ఇక్కడి తోటకు తీగ కంచె, దానికొక చౌకీ ఉండేవనీ, అందుకే తార్నాక అన్నారనీ చెబుతారు. దాని పక్కది హబ్సిగూడ. హబ్షీలంటే తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. ‘గూడ’ మన తెలుగు మాట. ఆ రెండూ కలిసి ఒక ఊరి పేరయ్యాయి!

నగరంలో ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. చల్లగాలి వీచే యంత్రానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నిజాముల కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం అక్కడ ఉండేది. ఆంగ్లంలో ఆ దళం పేరులోని మొదటి అక్షరాలే ‘ఏసీ’. పాతబస్తీకి దక్షిణాన బర్కస్ ఉంది. అది సైనికుల ‘బ్యారక్స్’ అనే మాటకు వచ్చిన రూపం. యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాముల సైన్యంలో చేరిన అరబ్బుల సంతతి వారు నేటికీ అక్కడ ఉన్నారు. వారు తెచ్చిన మర్ఫా వాద్యం ఇప్పుడు నగరంలో అన్ని మతాలవారి పెళ్ళి ఊరేగింపుల్లోనూ మోగుతుంది.

1806లో బ్రిటిషు దండు స్థావరంగా వెలిసిన ఊరికి మూడవ నిజాము సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చింది. దండు వెంట, ఆ తర్వాత రైలు వెంట తమిళులు, పారశీకులు, ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. బేగంబజారుకు మార్వాడీ, గుజరాతీ వర్తకులు వచ్చారు. కొందరిని వర్తకం రప్పించింది. కొందరిని సైన్యం రప్పించింది. మరికొందరిని చదువు రప్పించింది.

మనుషులు కలిస్తే మాటలు కలవకుండా ఉంటాయా? మనం రోజూ వాడే ‘జిల్లా’, ‘తారీఖు’, ‘రైతు’ అరబ్బీ నుంచి వచ్చిన మాటలు. ‘అల్మారా’, ‘ఇస్త్రీ’ పోర్చుగీసు మాటలు. హైదరాబాదీలు వద్దు అనడానికి వాడే ‘నక్కో’ మరాఠీ నుంచి వచ్చింది. ఇంకొక విచిత్రం చూడండి. సంస్కృత పదాలు లేకుండా అచ్చ తెలుగులో వెలువడిన మొదటి కావ్యం పొన్నికంటి తెలగనార్యుని యయాతి చరిత్రము. ఆ కవి తన కావ్యాన్ని అంకితమిచ్చింది ఎవరికో తెలుసా? గోల్కొండ రాజ్యంలో అధికారి అయిన అమీన్ ఖానుకు!

రాతి విద్యాలయం

తార్నాక నుంచి కొద్ది దూరం నడిస్తే విశ్వవిద్యాలయపు ఆవరణలోకి వస్తాం. ఎదురుగా కనిపించే భవ్యమైన కట్టడమే ఆర్ట్స్ కళాశాల. మౌలాలి గుట్ట మీద చూసిన గ్రానైటే ఇక్కడ చెక్కుడు రాయిగా మారి మేడ అయింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉత్తర్వుతో ఏర్పడింది. మొదట అద్దె ఇళ్ళలో నడిచింది. శాశ్వత భవనాలు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు ఇంజనీర్లను ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. ఈజిప్టులో పేరు పొందిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ చేత నమూనా గీయించారు. 1934లో పునాదిరాయి వేశారు. 1939 డిసెంబరు 4న భవనాన్ని ప్రారంభించారు. కాస్త ఆగి ఆ గోడల్ని పరిశీలించండి. కమానుల్లో అరబ్బు, పారశీక ధోరణి కనిపిస్తుంది. స్తంభాలు అజంతా, ఎల్లోరా గుహల్ని గుర్తుచేస్తాయి. కట్టిన చేతులు మాత్రం ఇక్కడి ఒడ్డెర్లవీ, శిల్పులవీ.

ఈ విశ్వవిద్యాలయానికి మరో ప్రత్యేకత ఉంది. ఆ రోజుల్లో దేశంలోని విశ్వవిద్యాలయాలన్నింటిలో పాఠాలు ఆంగ్లంలోనే చెప్పేవారు. భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, పై చదువులు చెప్పడం మొదలుపెట్టింది ఉస్మానియాయే. 1917లోనే అనువాద శాఖను ఏర్పరచి రసాయనశాస్త్రం, వైద్యం, గణితం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. లేని పారిభాషిక పదాలను తయారు చేసుకున్నారు. అయితే రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు, మరాఠీ, కన్నడాలకు ఆ అవకాశం అప్పుడు రాలేదు. 1948 తర్వాత బోధన ఆంగ్లానికి మారింది. 1968లో ఇదే నగరంలో తెలుగు అకాడమి ఏర్పడి తెలుగులో కళాశాల పాఠ్యపుస్తకాలు వెలువరించసాగింది. ఈ వ్యాసాన్ని మీరు తెలుగులో చదవగలుగుతున్నారంటే అలాంటి కృషి ఫలితమే.

నాలుగు ప్రయోగశాలలు

ఉప్పల్ రోడ్డు వెంట కొద్ది కిలోమీటర్ల లోపల నాలుగు పెద్ద పరిశోధన సంస్థలు ఉన్నాయి. తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న పరిశోధనగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. మనం తినే అన్నం, పప్పు, ఆకుకూరల్లో ఏ పోషకం ఎంత ఉందో లెక్కగట్టి పట్టికలు తయారు చేసింది వీరే. విటమిన్ ఏ లోపంవల్ల పిల్లలు చూపు కోల్పోకుండా కాపాడే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. అందుకు ఆధారం ఇక్కడ జరిగిన పరిశోధనలే.

భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో పుట్టింది. మందులను తక్కువ ఖర్చుతో తయారు చేసే పద్ధతులు కనిపెట్టి, నగరంలో ఔషధ పరిశ్రమ ఎదగడానికి తోడ్పడింది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరుతో ఇప్పుడు మెట్రో రైలు స్టేషనే ఉంది. భూకంపాలు, భూగర్భ జలాలు, శిలల వయసు వీరి పరిశోధన విషయాలు.

నాలుగవది 1977లో పి.ఎం. భార్గవ నాయకత్వాన ఆరంభమైన కణ, అణుజీవశాస్త్ర కేంద్రం. మనం మొదట వేసుకున్న ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడ దొరికింది. మన శరీరంలోని ప్రతి కణంలో డి.ఎన్.ఏ. అనే పొడవైన అణువు ఉంటుంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు అందే లక్షణాలు అందులో సంకేతాల రూపంలో రాసి ఉంటాయి. ఈ కేంద్రం శాస్త్రజ్ఞులు, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి దేశంలోని 25 సముదాయాలకు చెందిన 130 మందికి పైగా డి.ఎన్.ఏ.ను పోల్చి చూశారు. 2009లో ఫలితాలు ప్రకటించారు. తేలిందేమిటి? భారతదేశపు ప్రధాన భూభాగంలో వారు పరిశీలించిన దాదాపు అన్ని సముదాయాల్లోనూ కనీసం రెండు ప్రాచీన జన సమూహాల కలయిక కనిపించింది. పాళ్ళలో హెచ్చుతగ్గులున్నాయి, కాని కలయిక లేనివారు దాదాపు లేరు. ఆ కలయికలో ఎక్కువ భాగం సుమారు 1,900 నుంచి 4,200 ఏళ్ళ కిందట జరిగిందని 2013లో వెలువడిన మరో పరిశోధన తెలిపింది. ‘మేము స్వచ్ఛమైనవాళ్ళం, వాళ్ళు వేరు’ అని గర్వపడేవారికి ఇంతకంటే గట్టి సమాధానం ఏముంటుంది? హబ్షీల పేరున్న హబ్సిగూడలోనే ఈ కేంద్రం ఉండడం విశేషం.

జాతీయ విజ్ఞాన దినమైన ఫిబ్రవరి 28 వంటి సందర్భాల్లో ఇలాంటి సంస్థలు విద్యార్థులను లోపలికి ఆహ్వానిస్తుంటాయి. మీ ఉపాధ్యాయులను అడిగి ముందుగా అనుమతి తీసుకుని తప్పక వెళ్ళండి.

నీళ్ళ కథ

ఇక నగరం నడిబొడ్డుకు పోదాం. సికింద్రాబాదు దాటితే హుస్సేన్‌సాగర్ వస్తుంది. హైదరాబాదు పుట్టక ముందే, 1560 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో త్రవ్విన చెరువు ఇది. గ్రానైటు నేలలో నీరు లోతుకు సులభంగా ఇంకదు. కనుక వాన నీటిని చెరువుల్లో నిలుపుకోవడమే ఇక్కడివారి ఉపాయం. చెరువు మధ్యనున్న బుద్ధ విగ్రహం ఒకే గ్రానైటు రాయి. బరువు సుమారు 350 టన్నులు. 1990లో తరలిస్తుండగా పడవ ఒరిగి విగ్రహం నీట మునిగింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1992లో దాన్ని పైకి తీసి నిలబెట్టారు.

మూసీ నది ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి ఘోరమైన వరద వచ్చింది. ఎగువన ఎన్నో చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగాయి. నదిలోకి నీరు ఒక్కసారిగా వచ్చి పడింది. వేలమంది కొట్టుకుపోయారు. ఆ రోజు ఈ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ కొమ్మల మీద పక్కవాడిది ఏ మతం, ఏ భాష అని ఎవరు అడుగుతారు?

మళ్ళీ అలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. వరద నీటిని ఎగువనే ఆపి, నెమ్మదిగా వదలాలని ఆయన సూచించారు. ఆ ప్రకారం మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఒక్క పనితో వరద అదుపులోకి వచ్చింది, నగరానికి తాగునీరూ దొరికింది.

చార్మినారు, గోల్కొండ

మూసీ దాటితే పాతబస్తీ. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినారు కట్టించి, దాని చుట్టూ కొత్త నగరం వేయించాడు. నగరానికి ప్రణాళిక సిద్ధం చేసిన మంత్రి మీర్ మోమిన్ ఇరాన్ నుంచి వచ్చినవాడు. చార్మినారును నడుమ ఉంచి నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు తీశారు. పక్కనే లాడ్‌బజారులో మెరిసే గాజుల్లో వాడే లక్క ఒక చిన్న పురుగు స్రవించే జిగురు! దగ్గరలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ ఒక బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ఉంది. దాన్ని చూడడానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు.

నగరానికి పడమట గోల్కొండ కోట ఉంది. దాని అసలు పేరు గొల్లకొండ. ద్వారం దగ్గరి గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, ఆ చప్పుడు సుమారు 120 మీటర్ల ఎత్తున్న కొండ మీదికి వినిపిస్తుంది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వంపు తిరిగిన గుమ్మటం, గట్టి రాతి గోడలు దాన్ని చెదిరిపోనీయకుండా పరావర్తనం చేస్తాయి. శత్రువు వస్తే కావలివాడు పైకి కబురు పంపే ఉపాయం ఇది. మట్టి గొట్టాల ద్వారా అంచెలంచెలుగా కొండపైకి నీరెక్కించిన ఏర్పాటు ఆనవాళ్ళు కూడా అక్కడ చూడవచ్చు.

సెలవు దొరికితే మరికొన్ని చూడండి. 1963లో ప్రారంభమైన జంతు ప్రదర్శనశాల, 1985లో ప్రారంభమైన బిర్లా నక్షత్రశాల ముఖ్యమైనవి. బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో 1897 ఆగస్టు 20న కనిపెట్టిన భవనం ఉంది. ఆ పనికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అలసిపోతే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు ఎలాగూ ఉన్నాయి!

మిగిలేదేమిటి?

ఈ కలయిక ఎప్పుడూ సాఫీగా సాగిందని చెప్పలేం. నగరం కలహాలనూ చూసింది, కర్ఫ్యూలనూ చూసింది. అయినా ఆషాఢంలో బోనాలు, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు, క్రిస్మసు వెలుగులు ఏటేటా అవే వీధుల్లో సాగుతున్నాయి.

నేడు నగరానికి మరో ప్రమాదం వచ్చింది. 250 కోట్ల ఏళ్ళ బండను పేల్చివేయడానికి ఒక పూట చాలు. ఇళ్ళ కోసం, రోడ్ల కోసం ఎన్నో గుట్టలు మాయమయ్యాయి. ఎన్నో చెరువులు పూడిపోయాయి. 2020 అక్టోబరులో కొన్నిచోట్ల ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడితే, నీరు నిలవడానికి చోటు లేక కాలనీల్లోకి వచ్చింది. 1908 నాటి పాఠం మనం ఎంతవరకు గుర్తుంచుకున్నాం? గుట్టలను కాపాడాలని 1996 నుంచి కొందరు పౌరులు సంఘంగా ఏర్పడి కృషి చేస్తున్నారు. గుట్టను, చెరువును కాపాడుకోవడం ఒక్క భాష వారి పనో, ఒక్క మతం వారి పనో కాదు. వరద అందరి ఇళ్ళలోకీ వస్తుంది.

మీరూ చేసి చూడండి

మీ ఊళ్ళో ఇల్లు కట్టేచోట పడి ఉన్న గ్రానైటు ముక్కను తెచ్చి కడిగి, ఎండలో భూతద్దంతో చూడండి. గాజులా మెరిసే పలుకులు స్ఫటికం. గులాబీ లేక తెలుపు రంగు పలుకులు ఫెల్‌స్పార్. తళుక్కుమనే నల్లని రేకులు అభ్రకం. మూడూ వేరువేరు ఖనిజాలే. వాటి పలుకులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఎలా పెరిగాయో గమనించండి. గ్రానైటు అంత గట్టిగా ఉండడానికి ఒక కారణం ఆ అల్లికే. హైదరాబాదు నిలిచింది ఆ రాయి మీదనే.